టెర్ స్టెగెన్ వివాదం: గోల్స్ లెక్క వేరు, జీతం లెక్క వేరు

2025 ఆగస్టు 16న మయోర్కా మీద మ్యాచ్‌తో బార్సిలోనా 2025-26 లా లిగా సీజన్ మొదలుపెట్టింది. 3-0తో గెలిచింది. గోల్ పోస్టుల మధ్య నిలబడింది 24 ఏళ్ల జోన్ గార్సియా. ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు. క్లబ్ అప్పటి మొదటి కెప్టెన్, జర్మనీ గోల్‌కీపర్ మార్క్ ఆండ్రే టెర్ స్టెగెన్ మాత్రం వెన్ను శస్త్రచికిత్స తర్వాత కోలుకుంటూ ఇంట్లో ఉన్నాడు. అయినా ఫ్యాన్స్ మధ్య చర్చ మాత్రం ఆడని ఆ మనిషి గురించే నడిచింది.

చర్చలో మూడు ప్రశ్నలు పదే పదే వచ్చాయి. ఒకటి, అతని ఫామ్ అయిపోయిందా? రెండు, పెద్ద మ్యాచ్‌లలో అతను చేసిన పొరపాట్లు ఎన్ని? మూడు, అతను నిజంగా నాయకుడేనా? ఈ మూడూ పాత ప్రశ్నలే. ఆ వేసవిలో కొత్తగా వచ్చి చేరింది నాలుగోది: మెడికల్ రిపోర్టు మీద సంతకం ఎందుకు పెట్టలేదు? ఈ నాలుగో ప్రశ్నకు దొరికిన జవాబుతోనే చాలామంది మిగతా మూడింటికీ తీర్పు చెప్పేశారు. అసలు చిక్కు అక్కడే ఉంది.

ఏం జరిగింది?

జూన్‌లో బార్సిలోనా తన ఊరి ప్రత్యర్థి ఎస్పాన్యోల్ నుంచి జోన్ గార్సియాను కొన్నది. ధర సుమారు 2.5 కోట్ల యూరోలు. మన రూపాయల్లో 250 కోట్లకు పైమాటే. కాంట్రాక్టు 2031 వరకు. జులై మొదట్లో పోలండ్ గోల్‌కీపర్ వోయ్‌చెక్ ష్చెస్నీ కాంట్రాక్టును 2027 వరకు పొడిగించింది. అప్పటికి టెర్ స్టెగెన్ కాంట్రాక్టు 2028 వరకు ఉంది. అంటే ఒకే పోస్టుకు పెద్ద జీతాల మనుషులు వరుసగా నిలబడ్డారు. 33 ఏళ్ల టెర్ స్టెగెన్ వేరే క్లబ్ చూసుకుంటే మంచిదని మేనేజ్‌మెంట్ అనుకుంటోందని స్పెయిన్ పత్రికలు వేసవి అంతా రాశాయి.

జులై 24న టెర్ స్టెగెన్ సోషల్ మీడియాలో ఒక ప్రకటన పెట్టాడు. వెన్నుకు మళ్లీ ఆపరేషన్ అవసరమైందని, సుమారు మూడు నెలలు ఆటకు దూరంగా ఉంటానని దాని సారాంశం. జులై 29న ఫ్రాన్స్‌లోని బోర్డో నగరంలో ఆపరేషన్ జరిగింది.

ఆ 'మూడు నెలలు' అనే మాట దగ్గరే గొడవ మొదలైంది. ఆటగాడు నాలుగు నెలలకు మించి ఆడలేడని లా లిగా వైద్య కమిటీ ఒప్పుకుంటేనే దాన్ని 'దీర్ఘకాల గాయం'గా లెక్కిస్తారు. కమిటీ ముందు పెట్టాల్సిన వైద్య వివరాలకు ఆటగాడి అనుమతి కావాలి. టెర్ స్టెగెన్ ఆ అనుమతి ఇవ్వలేదు. క్లబ్ క్రమశిక్షణ చర్య మొదలుపెట్టింది. ఆగస్టు 7న అతన్ని తాత్కాలికంగా కెప్టెన్సీ నుంచి తప్పించి ఆ బాధ్యత ఉరుగ్వే డిఫెండర్ రొనాల్డ్ అరౌహోకు ఇచ్చింది. మర్నాడే టెర్ స్టెగెన్ సంతకం పెట్టాడు. క్లబ్ ఫైలు మూసేసి కెప్టెన్సీ తిరిగి ఇచ్చింది. పాము చావలేదు, కర్ర విరగలేదు. కానీ ఫ్యాన్స్ మాత్రం రెండు ముక్కలయ్యారు.

80 శాతం రూల్ అంటే ఏంటి?

డబ్బు సంగతి అర్థం కాకపోతే ఈ గొడవ అర్థం కాదు. లా లిగాలో ప్రతి క్లబ్‌కూ జట్టు మీద ఎంత ఖర్చు పెట్టొచ్చో ఒక పరిమితి ఉంటుంది. క్లబ్ ఆదాయం, ఇతర ఖర్చులు, తీర్చాల్సిన అప్పులు చూసి లీగ్ ఆ పరిమితి నిర్ణయిస్తుంది. ఆటగాళ్ల జీతాలే కాదు, వాళ్లను కొన్న ధరను కాంట్రాక్టు ఏళ్లకు పంచగా ఏటా వచ్చే వాటా కూడా ఇందులోకే వస్తుంది. పరిమితి దాటిన క్లబ్ కొత్త ఆటగాణ్ణి కొనొచ్చు, ఫొటో దిగొచ్చు, జెర్సీ చేతికివ్వొచ్చు. లీగ్‌లో పేరు నమోదు చేయడం మాత్రం కుదరదు. పేరు నమోదు కాకపోతే ఆ ఆటగాడు మైదానంలో కాలు పెట్టలేడు.

బార్సిలోనా ఏళ్లుగా ఈ గీత దగ్గరే తచ్చాడుతోంది. 2021 ఆగస్టులో లియోనెల్ మెస్సీ క్లబ్ వదలాల్సి రావడానికి కారణం ఇదే. 2025 జనవరిలో దానీ ఓల్మో, పౌ విక్టర్ పేర్ల నమోదు ఆగిపోతే విషయం స్పెయిన్ ప్రభుత్వ క్రీడా మండలి దాకా వెళ్లింది. తాత్కాలిక ఉత్తర్వు వస్తే గానీ వాళ్లు ఆడలేకపోయారు.

ఈ కట్టుదిట్టంలో ఒక చిన్న వెసులుబాటు ఉంది. ఎవరికైనా దీర్ఘకాల గాయమైతే అతని జీతంలో 80 శాతం దాకా కొత్త ఆటగాడి నమోదుకు వాడుకోవచ్చు. ఉదాహరణకు గాయపడ్డ ఆటగాడి జీతం 100 రూపాయలు అనుకుంటే 80 రూపాయల ఖాళీ దొరుకుతుంది. గాయం మూడు నెలలే అయితే దొరికేది సున్నా. మూడు నెలలకూ నాలుగు నెలలకూ మధ్య తేడా డాక్టర్‌కు నాలుగు వారాల విశ్రాంతి. క్లబ్ అకౌంటెంట్‌కు మాత్రం అది కోట్ల యూరోల వ్యవహారం.

ఈ రూల్ బార్సిలోనాకు కొత్త కాదు. 2024 ఆగస్టులో డెన్మార్క్ డిఫెండర్ ఆండ్రియాస్ క్రిస్టెన్సన్ గాయపడితే ఆ ఖాళీలోనే ఓల్మోను నమోదు చేసింది. అదే ఏడాది సెప్టెంబర్‌లో టెర్ స్టెగెన్ మోకాలు దెబ్బతిన్నప్పుడు ష్చెస్నీ వచ్చిందీ ఈ దారిలోనే. అప్పుడు ఎవరూ నోరెత్తలేదు. కీపర్ గాయపడ్డాడు, అతని స్థానంలో మరొకర్ని తెచ్చారు. అందులో న్యాయం ఉంది.

ఈసారి వరుస తిరగబడింది. ముందు గార్సియా కొనుగోలు, తర్వాత గాయం. టెర్ స్టెగెన్ ఆగస్టులో ఇచ్చిన వివరణలో పట్టుకున్న పాయింట్ ఇదే. కొనుగోళ్లు, కాంట్రాక్టు పొడిగింపులు అన్నీ తన ఆపరేషన్‌కు ముందే జరిగాయని, అవి తన గాయం మీద ఆధారపడి చేసినవి కావని అతను గుర్తుచేశాడు. లెక్కల పుస్తకం చూసినవాళ్లెవరైనా ఈ మాటను కొట్టిపారేయలేరు.

ఫామ్: మోకాలికి ముందు, మోకాలి తర్వాత

ఇక మైదానంలోకి వద్దాం. ఫామ్ గురించి మాట్లాడేవాళ్లు రెండు వేర్వేరు టెర్ స్టెగెన్‌లను చూపించారు.

మొదటివాడు 2022-23 సీజన్ టెర్ స్టెగెన్. 38 లీగ్ మ్యాచ్‌లు ఆడి 18 గోల్స్ మాత్రమే ఇచ్చాడు. 26 మ్యాచ్‌లలో అసలు గోలే ఇవ్వలేదు. 1993-94లో దెపోర్తివో కీపర్ లియాన్యో పెట్టిన రికార్డును సమం చేశాడు. ఆ ఏడాది బార్సిలోనా లీగ్ గెలిచిందంటే సగం పుణ్యం అతని చేతులదే. చాలా మ్యాచ్‌లు ఒక్క గోల్ తేడాతో గట్టెక్కాయి.

రెండోవాడు ఆ తర్వాతి టెర్ స్టెగెన్. 2023 డిసెంబర్‌లో వెన్నుకు మొదటి ఆపరేషన్ అయింది. 2024 ఫిబ్రవరిలో తిరిగొచ్చాడు. సెప్టెంబర్ 22న వియ్యారియల్ మైదానంలో మొదటి సగం చివర్లో గాల్లోకి లేచి బంతి పట్టుకున్నాడు. కింద పడటం మాత్రం వంకరగా పడ్డాడు. కుడి మోకాలి చిప్ప కింది స్నాయువు పూర్తిగా తెగిపోయింది. స్ట్రెచర్ మీద బయటికి తీసుకెళ్లారు. జట్టు 5-1తో గెలిచింది. ఆ గెలుపును ఇప్పుడు ఎవరూ గుర్తుపెట్టుకోలేదు. మళ్లీ మ్యాచ్ ఆడింది 223 రోజుల తర్వాత, 2025 మే 3న వయ్యాదొలిద్ మీద. మన దగ్గర అర్ధరాత్రి పన్నెండున్నర దాకా మేలుకుని టీవీ పెట్టినవాళ్లకు ఆరో నిమిషంలోనే గోల్ కనిపించింది. బంతి డిఫెండర్‌కు తగిలి దారి మారింది. చివరికి 2-1తో గెలిచారు.

మూడు రోజుల తర్వాత మిలాన్‌లో ఇంటర్‌తో చాంపియన్స్ లీగ్ సెమీఫైనల్. కోచ్ హాన్సీ ఫ్లిక్ కెప్టెన్‌ను కాదని ష్చెస్నీనే ఆడించాడు. ఇది అవమానమని కొందరు, సరైన నిర్ణయమని కొందరు అన్నారు. ఏడు నెలలు ఆడని కీపర్‌ను సెమీఫైనల్‌లో దించడం ఏ కోచ్‌కైనా కష్టమే. ఫ్లిక్ డిఫెన్స్ చాలా ముందుకు వచ్చి నిలబడుతుంది. దాని వెనక ఖాళీని కాపాడే కీపర్ క్షణంలో పరుగెత్తాలి. కొత్తగా కుట్టిన మోకాలుతో ఆ పని ఎలా ఉంటుందో ఊహించొచ్చు.

కాబట్టి ఫామ్ విషయంలో నిజాయితీగా చెప్పగలిగింది ఒక్కటే. అప్పటికి ఏడాది కాలంలో అతను ఆడిన మ్యాచ్‌లు బహు కొద్ది. జూన్‌లో జర్మనీ తరఫున నేషన్స్ లీగ్‌లో పోర్చుగల్, ఫ్రాన్స్‌ల మీద ఆడాడు. జట్టు రెండూ ఓడిపోయినా అతను కొన్ని మంచి బంతులు ఆపాడు. ఇంత తక్కువ ఆట చూసి 'అయిపోయాడు' అనడం తొందరపాటు. 'ఎప్పటిలాగే ఉన్నాడు' అనడం కూడా తొందరపాటే.

పొరపాట్లు: ఏవి అతనివి, ఏవి జట్టువి?

టెర్ స్టెగెన్ వ్యతిరేకుల దగ్గర ఒక చిట్టా ఉంది. 2015లో రోమా ఆటగాడు ఫ్లోరెంజీ దాదాపు మైదానం మధ్య నుంచి కొట్టిన గోల్. 2018లో రోమ్‌లో 3-0 ఓటమి. 2019లో లివర్‌పూల్ చేతిలో 4-0. 2020లో లిస్బన్‌లో బయర్న్ చేతిలో 8-2. 2024 ఏప్రిల్‌లో పీఎస్‌జీ చేతిలో 4-1. గాయానికి మూడు రోజుల ముందు మొనాకో మ్యాచ్‌లో ఎరిక్ గార్సియాకు ఇచ్చిన ప్రమాదకరమైన పాస్, దాంతో పదో నిమిషంలోనే రెడ్ కార్డు.

ఈ చిట్టాను విడదీసి చూడాలి. ఫ్లోరెంజీ గోల్‌లో కీపర్ మరీ ముందుకొచ్చి నిలబడ్డాడు. మొనాకో పాస్‌లో తప్పు మొదలైంది అతని కాలి దగ్గరే. ఇవి అతని ఖాతాలో రాయాల్సినవే. లివర్‌పూల్ మ్యాచ్‌లో నాలుగో గోల్ సంగతి వేరు. కార్నర్ కిక్ గబుక్కున కొట్టేసరికి బార్సిలోనా డిఫెన్స్ మొత్తం అటు తిరిగి ఉంది. బయర్న్ మీద ఎనిమిది గోల్స్ పడినప్పుడు మధ్యవరుసే కుప్పకూలింది. ఆ మ్యాచ్ అయ్యాక కొద్ది రోజులకే టెర్ స్టెగెన్ కుడి మోకాలికి ఆపరేషన్ చేయించుకున్నాడు. నొప్పితోనే ఆడాడన్నది అప్పుడు చాలామంది పట్టించుకోలేదు.

ఇంకో సంగతి. టెర్ స్టెగెన్‌ను 2014లో బార్సిలోనా తెచ్చుకుందే పాదాలతో బాగా ఆడతాడని. కీపర్ నుంచే ఆట మొదలవ్వాలి, బంతిని గాల్లోకి తన్నకుండా పక్కవాడికి అందించాలి అన్నది ఆ క్లబ్ పద్ధతి. అలా ఇచ్చే పాస్‌లు వందల్లో సవ్యంగా పోతాయి. ఒక్కటి తప్పితే గోల్. స్ట్రైకర్ మూడు అవకాశాలు పోగొట్టి నాలుగోది కొడితే హీరో. కీపర్ తొమ్మిది ఆపి పదోది వదిలితే ఆ పదోదే వీడియోగా తిరుగుతుంది. క్లబ్ అడిగిన రిస్క్ తీసుకున్నందుకు వచ్చిన నష్టాన్ని మొత్తం ఆటగాడి మీదే వేయడం న్యాయం కాదు.

నాయకత్వం: గొంతు పెద్దదైతేనే నాయకుడా?

అతను అరవడు, సహచరుల్ని అదిలించడు, ఓడిపోయినప్పుడు ముందుకొచ్చి మాట్లాడడు అన్నది మూడో ఆరోపణ. రోమ్, లివర్‌పూల్ ఓటముల్ని ఇక్కడ కూడా ఉదాహరణగా చూపిస్తారు. కానీ రోమ్‌లో కెప్టెన్ ఇనియెస్టా, లివర్‌పూల్‌లో కెప్టెన్ మెస్సీ. టెర్ స్టెగెన్ మొదటి కెప్టెన్ అయింది 2024లో సెర్గి రొబెర్తో వెళ్లాక. ఆ సీజన్‌లో కొన్ని వారాలకే మోకాలు పోయింది. చేతిపట్టీ రఫీన్యా లాంటివాళ్ల చేతికి వెళ్లింది. జట్టు లీగ్, కప్, సూపర్ కప్ గెలిచింది. అంటే అతని కెప్టెన్సీని మైదానంలో పరీక్షించే అవకాశమే ఎవరికీ సరిగ్గా దొరకలేదు.

జర్మనీలోనూ ఇంచుమించు ఇదే కథ. 2012లో జాతీయ జట్టులోకి వచ్చాడు. పన్నెండేళ్లు మాన్యుయెల్ నోయర్ వెనక నిలబడ్డాడు. 2017 కాన్ఫెడరేషన్స్ కప్ గెలిచిన జట్టుకు ఫైనల్‌లో కీపర్ అతనే. అయినా ప్రపంచకప్‌లలో చోటు నోయర్‌దే. 2024 ఆగస్టులో నోయర్ తప్పుకున్నాడు. మొదటి కీపర్ పోస్టు చేతికొచ్చింది. నెల తిరిగేసరికి మోకాలు తెగింది.

మరి నాయకత్వం గురించి ఆ ఆగస్టులో ఫ్యాన్స్ ఇచ్చిన తీర్పు దేని మీద ఆధారపడింది? ఒక సంతకం మీద. 'నిజమైన కెప్టెన్ అయితే సహచరుడి నమోదుకు అడ్డుపడతాడా?' అన్నది ఒక వర్గం ప్రశ్న. ప్రశ్నలో బలం ఉంది. గార్సియా చేసిన తప్పేమీ లేదు. అతను ఆడలేకపోతే నష్టపోయేది జట్టు. కెప్టెన్ అన్నవాడు తన కోపాన్ని మేనేజ్‌మెంట్ మీద చూపించాలి గానీ, ఆ దెబ్బ తోటి ఆటగాడికి తగలకూడదు. ఆ వారం రోజులు టెర్ స్టెగెన్ మౌనంగా ఉండటం అతని పక్షానికి మేలు చేయలేదు. ముందే వివరణ ఇచ్చి ఉంటే సగం మాటలు పడేవాడు కాదు.

రెండో వర్గం ప్రశ్న కూడా అంతే బలమైనది. ఒక ఉద్యోగి ఒంటి గురించిన రిపోర్టు ఎవరిది? సిక్ లీవ్ కోసం ఆఫీసులో డాక్టర్ సర్టిఫికెట్ ఇచ్చిన ప్రతి ఒక్కరికీ ఈ విషయం తెలుసు. ఎన్ని రోజులు రాయాలో డాక్టర్ చెప్పాలి, యజమాని అవసరం కాదు. 2018 నుంచి అమల్లో ఉన్న యూరప్ డేటా రక్షణ చట్టం ఆరోగ్య వివరాలకు ప్రత్యేక రక్షణ ఇచ్చింది. అనుమతి అనే మాటకు అర్థం ఉండాలంటే కాదనే హక్కు కూడా ఉండాలి. కాదంటే కెప్టెన్సీ పోతుంది, ఔనంటే తిరిగొస్తుంది అన్నప్పుడు దాన్ని అనుమతి అనాలా, బేరం అనాలా?

క్లబ్ వైపు మాట

క్లబ్ వాదనను కూడా వినాలి. బార్సిలోనా సభ్యుల సొత్తు. ఒక షేక్ జేబు నుంచో, ఒక కంపెనీ ఖజానా నుంచో డబ్బు తెచ్చుకునే వీలు లేదు. జీతం ఇస్తున్నది క్లబ్, రూల్ పెట్టింది లీగ్. ఉన్న రూల్‌ను వాడుకోవడం తప్పు కాదు. వెన్నుకు రెండో ఆపరేషన్, అదీ 33 ఏళ్ల వయసులో. మూడు నెలలు సరిపోవని వైద్యులు నిజంగానే అనుకుని ఉండొచ్చు. మొదటి ప్రకటనలో 'మూడు నెలలు' అని అతనే రాయకుండా ఆ మాట వైద్యులకు వదిలేసి ఉంటే బాగుండేదన్న విమర్శ సబబే.

అయినా ఒక తేడా ఉంది. రూల్ వాడుకోవడం వేరు, రూల్ వాడుకోవాల్సిన పరిస్థితిలోకి తెలిసి తెలిసి నడవడం వేరు. చోటు లేదని తెలిసీ గార్సియాను కొన్నది మేనేజ్‌మెంట్. ష్చెస్నీ కాంట్రాక్టు పొడిగించింది మేనేజ్‌మెంట్. 2023 ఆగస్టులో టెర్ స్టెగెన్‌కు 2028 దాకా కాంట్రాక్టు ఇచ్చిందీ క్లబ్బే. ఆ కాంట్రాక్టు అతను దొంగిలించి తెచ్చుకున్నది కాదు. ఇప్పుడు ఆ లెక్క కుదరకపోతే తప్పు లెక్క రాసినవాళ్లది. దాన్ని ఆపరేషన్ బెడ్ మీద ఉన్న మనిషి విధేయతకు పరీక్షగా మార్చడం ఇన్సాఫ్ కాదు.

ముందు ఏముంది?

ఆపరేషన్ జరిగిన జులై 29 నుంచి నాలుగు నెలలు లెక్కేస్తే నవంబర్ చివరి వారం. అప్పటికి గార్సియా లీగ్‌లో పాతుకుపోయే అవకాశం ఉండింది. వెనక ష్చెస్నీ ఉన్నాడు. 2026 ప్రపంచకప్ ప్రారంభ తేదీ జూన్ 11, వేదికలు అమెరికా, కెనడా, మెక్సికో. పన్నెండేళ్లు ఎదురుచూసిన చోటు అతనికి దక్కాలంటే ముందు ఎక్కడో ఒక చోట వరుసగా మ్యాచ్‌లు ఆడాల్సి ఉండింది. బార్సిలోనాలో ఆ అవకాశం దొరుకుతుందా, లేక జనవరిలో వేరే దారి చూసుకోవాలా అన్నది అప్పుడు అతని ముందున్న అసలు ప్రశ్న. 'నాలుగు నెలలు' అని రాసిన ఆ కాగితం వల్ల క్లబ్‌కు ఖాళీ దొరికింది. అతనికి మాత్రం కాలం తరిగింది. సంతకానికి ఎందుకు వెనకాడాడో అర్థం చేసుకోవడానికి ఇది చాలు.

ఫ్యాన్స్ వాదించుకోవడంలో తప్పు లేదు. ఫుట్‌బాల్ బతికేదే ఆ వాదనల మీద. గార్సియా మెరుగైన కీపర్ అనుకుంటే అనొచ్చు. మొనాకో పాస్‌ను తప్పు పట్టొచ్చు. కెప్టెన్ పట్టీ పెద్రికో రఫీన్యాకో ఇవ్వాలని అడగొచ్చు. ఇవన్నీ ఆటకు సంబంధించిన మాటలు. 400కు పైగా మ్యాచ్‌లు, ఆరు లీగ్ టైటిళ్లు, 2015 చాంపియన్స్ లీగ్ ఉన్న ఆటగాడు ఈ మాటలు తట్టుకోగలడు.

గాయాన్ని నేరంగా, డాక్టర్ రిపోర్టును విశ్వాస పత్రంగా చూడటం మాత్రం ఆటకు సంబంధించింది కాదు. పడ్డవాళ్లు ఎప్పుడూ చెడ్డవాళ్లు కాదంటారు. గోల్‌కీపర్ వృత్తే పడటం. వియ్యారియల్‌లో ఆ రోజు అతను పడింది కూడా బంతిని పట్టుకునే. ఇవాళ టెర్ స్టెగెన్ రిపోర్టుకు వర్తించిన పద్ధతే రేపు గార్సియా మోకాలికీ వర్తిస్తుంది. అప్పుడు కూడా స్టాండ్స్‌లో కూర్చున్నవాళ్లు క్లబ్ లెక్కల తరఫునే మాట్లాడతారా అన్నది ఇప్పుడే ఆలోచించుకుంటే మంచిది.